మారేడు కాయను ఇంటి వైద్యంలో వాడే పద్ధతి

పండ్లన్నీ పక్వమైనప్పుడే గుణవంతమని చెప్పే ఆయుర్వేదం, మారేడుకు మాత్రం పచ్చి కాయే మేలని మినహాయింపు ఇచ్చింది. నీళ్ల విరేచనాలకు పనికివచ్చేది ఈ పచ్చి కాయే; బాగా పండినది మలాన్ని మెత్తబరుస్తుంది కనుక మలబద్ధకానికి వాడతారు. ఈ తేడా తెలియక పండును విరేచనాలకు ఇవ్వడం తరచుగా జరిగే పొరపాటు.

ముదిరినా ఇంకా పండని కాయను పగలగొట్టి, గింజలు, జిగురు తీసివేసి, గుజ్జును పలుచని ముక్కలుగా కోసి, పూర్తిగా గలగలలాడేవరకు ఎండబెట్టి, మెత్తగా దంచి జల్లించి, తడి తగలని సీసాలో దాచుకోవాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది. అటువంటి పొడిని నిస్సంకోచంగా పారవేయండి. పెద్దలు సుమారు 3 గ్రాముల పొడిని పలుచని మజ్జిగలో కలిపి, రోజుకు ఒకసారి తీసుకోవచ్చు.

దీనితోపాటు ఓఆర్ఎస్ తాగడం తప్పనిసరి, ఎందుకంటే ప్రాణం తీసేది విరేచనం కన్నా ఒంట్లో నీరు తగ్గిపోవడమే. మలంలో రక్తం, జ్వరం కనిపించినా, రోగి పసిబిడ్డ అయినా, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు.