డిబేట్ పోటీకి వెళ్లే ముందు

బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో మొదటిసారి మాట్లాడబోతున్నారా? ఇవి చూసుకోండి.

– మోషన్‌ను, అంటే చర్చకిచ్చిన అంశాన్ని, పొల్లుపోకుండా రాసుకోండి. ‘నిషేధించాలి’ని ‘నియంత్రించాలి’ అనుకుంటే మాట్లాడటానికి మీకిచ్చే 7 నిమిషాలూ గోవిందా!

– మీ పక్షంలోనే ముందు మాట్లాడిన జట్టును ఖండించకండి. ఒక్కో పక్షానికి రెండేసి జట్లుంటాయి. రెండో జట్టు, మొదటి జట్టు మాట కాదనకుండా కొత్త వాదన తేవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

– తయారీకి ఇచ్చేది 15 నిమిషాలే. పూర్తి స్పీచ్ రాయడం మొదలుపెడితే సగంలో ఆగిపోతారు. పాయింట్లు చాలు.

– మొదటి, చివరి నిమిషాల్లో ఎదుటివాళ్లు ప్రశ్నలు వేయకూడదు. మధ్యలో మాత్రం ఒక్కటైనా తీసుకోండి. ప్రశ్న వేయడానికి లేచిన అందర్నీ కూర్చోబెట్టేస్తే జవాబు లేదనుకుంటారు.

– స్టాప్‌వాచ్ మీ చేతిలోనే ఉండాలి. టెన్షన్‌లో ఎవరికైనా నిమిషాలు తెలియవు.