ముద్దన్నం, నూక, పురుగు, చేదు తవుడు: బియ్యం ఇబ్బందులు, వాటి విరుగుడు

బియ్యం బాగా లేకపోతే ముందు రకాన్నే తప్పుపడతాం. కానీ అదే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఒక ఇంట్లో మల్లెపూలలా పొడిపొడిగా ఉడుకుతుంది, పక్కింట్లో ముద్దవుతుంది. బస్తా మీది పేరు చూసి ఊరుకోకుండా ఎప్పుడు కోసిన పంటో, ఎంత తేమ ఉందో, ఎంత పాలిష్ పట్టారో కనుక్కుంటే చాలా ఇబ్బందులకు కారణం అక్కడే దొరుకుతుంది.

అన్నం ముద్దవుతోంది

కారణం చాలాసార్లు కొత్త బియ్యమే. సార్వా, అంటే వానాకాలపు వరి ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. ఆ వడ్లు వెంటనే ఆడించి వండితే గింజలోని పిండి ఎసట్లోకి దిగి మెతుకుల్ని అతికిస్తుంది. నాలుగైదు నెలలు నిలవుంటే గింజ గట్టిపడుతుంది, నీళ్లు ఎక్కువ పీల్చుకుని విడివిడిగా ఉబ్బుతుంది. పాత బియ్యానికి ధర ఎక్కువ పలికేది అందుకే.

కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరకండి. కొత్తవైతే నలిగి పంటికి అంటుకుంటాయి, పాతవి పటుక్కున విరుగుతాయి. రంగులోనూ పాతవి కాస్త మీగడ రంగుకు తిరిగి ఉంటాయి.

ఇంటికి తెచ్చేశాక తెలిస్తే, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోసే అలవాటును గ్లాసున్నరకు తగ్గించండి. నానబెట్టొద్దు. ఇంకా మంచి మార్గం, కుక్కర్ పక్కన పెట్టి, వెడల్పాటి గిన్నెలో ఎసరు ఎక్కువ పోసి, కాస్త పలుకుగా ఉండగానే గంజి వార్చడం. గంజితో పాటు బి విటమిన్లు కొన్ని పోతాయి కాబట్టి దాన్ని పారబోయకండి. ఉప్పు, మజ్జిగ కలిపి తాగితే బాగుంటుంది. పరమాన్నానికి, పొంగలికి మాత్రం కొత్త బియ్యమే కావాలి. వెతికి మరీ తెచ్చుకోండి.

బస్తా మీద స్టీమ్ అని ఉంటే, వడ్లకు ఆవిరి పట్టి ఆడించారని అర్థం. కొత్త పంటైనా అంతగా ముద్దవదు.

ఆడిస్తే నూక ఎక్కువ వస్తోంది

మిల్లువాళ్లతో గొడవపడే ముందు ఓ పది వడ్లు చేత్తో ఒలిచి, గింజను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తే ఆ గింజ చేలోనో కళ్లంలోనో పగిలిపోయింది. మిల్లులో అది రెండు ముక్కలైందంతే. గీతలేమీ లేకుండా నూక వస్తుంటే అప్పుడు మిల్లును అడగొచ్చు.

పగుళ్లు ఎందుకొస్తాయి? కోత ఆలస్యమై గింజ చేలోనే ఎండిపోవడం ఒకటి. పగలు ఎండి, రాత్రి మంచుకు తడిసి, మళ్లీ ఎండడం రెండోది. దాళ్వా, అంటే ఎండాకాలంలో కోతకొచ్చే రెండో పంటకు కోతల వేళ మండే ఎండలు తోడవుతాయి. ఆ పంటనే తెలంగాణలో యాసంగి అంటారు. యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది, వాటిని ఉప్పుడు బియ్యం చేసేది అందుకే. వడ్లను నానబెట్టి ఉడకబెడితే పిండి మెత్తబడి ఆ పగుళ్లు అతుక్కుంటాయి. పైగా తవుడు పొరలోని బి1 విటమిన్ కొంత లోపలికి దిగుతుంది. ఉప్పుడు బియ్యాన్ని చిన్నచూపు చూడటం నాకు అసలు నచ్చదు.

సరిచేసుకోవాలంటే కోతకు వారం పది రోజుల ముందు నీళ్లు తీసేయండి. కంకిలో గింజలు చాలావరకు బంగారు రంగుకు తిరిగి, తేమ 20 శాతానికి కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడే కోయండి. మిషన్‌తో కోసిన వడ్లు రాశిగా వదిలేస్తే వేడెక్కి రంగు మారతాయి, కాబట్టి అదే రోజు పరదా మీద పలచగా పరిచి తరచూ తిరగేయండి. మిట్టమధ్యాహ్నం కుప్పగా లాగి కప్పేయండి, రాత్రి మంచు పడనివ్వొద్దు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు. ఆడించడానికి మాత్రం 14 శాతానికి రావాలి. ఏడాది నిలవ పెట్టుకునే వడ్లయితే 12 శాతం దాకా ఆరాలి.

బియ్యంలో పురుగు పడుతోంది

ముక్కు పురుగు గింజకు చిల్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. డబ్బా ఎంత శుభ్రంగా ఉన్నా, గుడ్లు గింజలోనే వస్తే నెలా రెండు నెలల్లో పురుగు బయటపడుతుంది. తేమ ఉంటే ఇంకా తొందరగా.

పురుగు పట్టిన బియ్యాన్ని మండుటెండలో పోయకండి, గింజ చిట్లిపోతుంది. నీడలో, గాలి తగిలేచోట ఆరబోసి చెరగండి. కొద్దిపాటి బియ్యమైతే నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక చెమ్మ పోయేదాకా సంచి విప్పొద్దు.

చాలా ఇళ్లలో బియ్యానికి బోరిక్ పౌడర్ కలుపుతారు. దయచేసి మానేయండి. కడిగితే పూర్తిగా పోతుందన్న భరోసా లేదు, ఒంటికి మంచిది కాదు. గోదాముల్లో వాడే పురుగు మందు బిళ్లలు ఇంట్లోకి అసలు తేవొద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణం తీస్తుంది.

ముడి బియ్యం ఉడకట్లేదు

పైనున్న తవుడు పొర నీటిని తొందరగా లోపలికి పోనివ్వదు. రెండు మూడు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి సన్నని మంట మీద వండండి. నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి, ఆ పొరలో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలవదు. షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: ముడి బియ్యమైనా, షుగర్‌ను మెల్లగా పెంచుతుందని పేరున్న తెలంగాణ సోనా రకమైనా, కంచంలో అన్నం తగ్గకపోతే ఫలితం పెద్దగా కనిపించదు.

తవుడు చేదెక్కి వాసన వస్తోంది

తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా అదే గింజలో ఉంది. గింజ చెక్కుచెదరనంతవరకు రెండూ వేరువేరు పొరల్లో ఉంటాయి. మరపట్టగానే కలిసిపోయి, గంటల్లోనే నూనె చెడటం మొదలవుతుంది. వేసవిలో రెండో రోజుకే తేడా తెలుస్తుంది.

తినడానికైతే ఊక కలవని తవుడు అడగండి. పొట్టూ తవుడూ కలిపి వచ్చే పాత హల్లర్ మిల్లుది పనికిరాదు. తెచ్చిన రోజే జల్లెడ పట్టి, మందపాటి మూకుడులో సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రొట్టెల పిండిలో ఒకటి రెండు చెంచాలు కలిపితే పీచు, బి విటమిన్లు అందుతాయి. పసిపిల్లలకు వద్దు. వరి భూమి నుంచి పీల్చే ఆర్సెనిక్ తవుడు పొరలోనే ఎక్కువగా చేరుతుంది.

చేదెక్కిన తవుడు పశువులూ ఇష్టంగా తినవు. తాజా తవుడైనా అదొక్కటే పెట్టకూడదు. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అలా మేపిన పోతులకు, మేకపోతులకు మూత్రంలో రాళ్లు వస్తాయి. పచ్చిగడ్డి, నూనె తీసిన గింజల చెక్క, ఖనిజ లవణ మిశ్రమం కలిపి, నీళ్లు బాగా తాగించండి. మూత్రం చుక్కలు చుక్కలుగా పోస్తుంటే తవుడు ఆపేసి, ఆ పూటే పశువుల డాక్టర్‌కి చూపించండి.