ఏసీ కూలింగ్ ఇవ్వట్లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూసుకోండి

ఎండాకాలంలో ఏసీ చల్లగా రావట్లేదని మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఇంటికొచ్చి చూడకముందే "గ్యాస్ అయిపోయి ఉంటుంది సార్" అనేవాళ్లు చాలామంది. అయిపోవడానికి అది వంటగ్యాస్ సిలిండర్ కాదు. ఏసీలో గ్యాస్ మూసేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎన్నేళ్లు వాడినా ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కాబట్టి గ్యాస్ సంగతి చివర్లో చూద్దాం, ముందు పైసా ఖర్చు లేనివి.

రిమోట్ తీసుకోండి. నవ్వొద్దు, నిజంగానే చాలా ఇళ్లలో సమస్య ఇక్కడే ఉంటుంది. మంచు పువ్వు గుర్తు ఉంటేనే కూల్ మోడ్. నీటిచుక్క ఉంటే డ్రై, ఫ్యాన్ గుర్తు ఉంటే ఉత్త గాలి. ఈ మధ్య వస్తున్న కన్వర్టిబుల్ ఏసీల్లో ఇంకో తిరకాసు ఉంది, కరెంటు ఆదా అవుతుందని ఎప్పుడో చలికాలంలో 40 శాతమో 60 శాతమో కెపాసిటీ పెట్టి మర్చిపోతారు, మే నెలలో గది చల్లబడట్లేదని టెన్షన్ పడతారు. అది పూర్తి కెపాసిటీకి మార్చి, 24 పెట్టి, ఫ్యాన్ స్పీడ్ పెంచి, తలుపులు మూసి అరగంట చూడండి. ఇన్వర్టర్ కాని, అంటే కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు) ఒకే వేగంతో నడిచే మామూలు ఏసీలో 16 పెట్టినంత మాత్రాన గాలి ఇంకా చల్లగా రాదు, కంప్రెసర్ ఎప్పుడు ఆగాలన్నదే మారుతుంది.

తర్వాత ఫిల్టర్. ఇండోర్ యూనిట్ ముందు మూత పైకెత్తితే జల్లెడలాంటివి రెండు కనిపిస్తాయి, బయటికి లాగి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి మళ్లీ పెట్టడమే. ఎండలో పెడితే ప్లాస్టిక్ ఫ్రేము వంకర పోతుంది. వేసవిలో రెండు వారాలకోసారి కడగాలి, పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇంకా తరచుగా. ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడక, దాని వెనక గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, సున్నా డిగ్రీల కిందికి పోయి మంచు కడుతుంది, ఆ మంచు మిగిలిన గాలిని కూడా ఆపేస్తుంది. లోపల మంచు కనిపిస్తే కూల్ మోడ్ ఆపి, రెండు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో వదిలేయండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే కాయిల్‌కి చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

ఇప్పుడు బయటికి వెళ్లి అవుట్‌డోర్ యూనిట్ చూడండి, అసలు కథ ఇక్కడే ఉంటుంది. గదిలోని వేడిని బయట పారేసేది ఇదే, దీనికి గాలి ఆడకపోతే లోపల ఎంత చేసినా దండగ. మన అపార్ట్‌మెంట్లలో దీన్ని ఇరుకు డక్ట్‌లోనో, యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనకో పెడతారు, పైగా ముందు పాత అట్టపెట్టెలు, వెనక పావురాల గూడు. అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటూ ఉంటే ఇక చల్లబడేదేముంది? ముందు, వెనక అడ్డాలన్నీ తీసేయండి. వెనక రేకుల మీద దుమ్ము పేరుకుని ఉంటే ఎంసీబీ ఆపేసి, మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టండి, వైర్లు ఉండే పెట్టె వైపు మాత్రం వద్దు. బైకులు కడిగే ప్రెషర్ గన్‌తో కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆడదు.

ఇంకో మాట. ఏసీ మీద రాసే కెపాసిటీని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటిన మధ్యాహ్నం అదే ఏసీ అంత కూలింగ్ ఇవ్వలేదు. పై అంతస్తులో, నెత్తిన స్లాబ్ కాలిపోతున్న గదికి ఒక టన్ను ఏసీ పెట్టి మధ్యాహ్నం 28 దగ్గర ఆగిపోతోందంటే అది రిపేరు కాదు, సైజు సరిపోలేదు. రాత్రి పదయ్యాక బాగానే చల్లబడుతోంటే మెకానిక్‌ని పిలవకండి, కిటికీలకి మందపాటి కర్టెన్లు, స్లాబ్ మీద కూల్ పెయింట్ గురించి ఆలోచించండి.

అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోందా, దాని ముందు చెయ్యి పెడితే వేడి గాలి తగులుతోందా చూడండి. ఆన్ చేశాక కంప్రెసర్ మొదలవడానికి మూడు నిమిషాల దాకా పట్టొచ్చు, అందుకే కంగారుపడి రిమోట్ నొక్కుతూ ఉండొద్దు. ఫ్యాన్ తిరుగుతూ గాలి మాత్రం మామూలుగానే ఉంటే కంప్రెసర్ పని చేయకపోతుండొచ్చు. ఊళ్లలో సాయంత్రం వోల్టేజ్ పడిపోవడం వల్ల ఇలా అవుతుంది, స్టెబిలైజర్ మీద అంకె చూస్తే తెలిసిపోతుంది. వోల్టేజ్ బాగానే ఉండి, మామూలు ఏసీలో కంప్రెసర్ "గుంయ్" అని కాసేపు మూలిగి టక్కున ఆగిపోతుంటే అనుమానించాల్సింది కెపాసిటర్‌ని. అది కంప్రెసర్ స్టార్ట్ కావడానికి తోడ్పడే చిన్న పార్టు, గ్యాస్ ఎక్కించే ఖర్చుతో పోలిస్తే దాని ఖరీదు చాలా తక్కువ. కానీ మీరే మార్చబోకండి, కరెంటు ఆపేశాక కూడా దానిలో చార్జ్ నిలిచి ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది. ప్లగ్ కాలిన వాసన వస్తోందేమో కూడా చూడండి. ఏసీకి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం ఎప్పుడూ వాడొద్దు.

ఇన్వర్టర్ ఏసీ అయితే, లోపం ఉన్నప్పుడు డిస్‌ప్లే మీద ఏదో కోడ్ రావచ్చు. ఎంసీబీ ఆపి పది నిమిషాలాగి వేయండి, మళ్లీ అదే వస్తే ఫొటో తీసి కంపెనీ సర్వీస్‌కి పంపండి. అవుట్‌డోర్ బోర్డు మీద బల్లి పడి షార్ట్ కావడం, చీమలు గూడు పెట్టడం మన దగ్గర మామూలే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఏసీ ఇరవై నిమిషాలు నడిచాక కూడా గాలి చల్లగా లేకపోతే అప్పుడు గ్యాస్ దగ్గరికి రండి. చిన్న థర్మామీటర్ ఉంటే ఏసీ పైన లోపలికి పోయే గాలి, కింద బయటికొచ్చే గాలి రెండూ కొలవండి, సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే కూలింగ్ బాగానే ఉన్నట్టు. తేడా రెండు మూడు డిగ్రీలే ఉండి, అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద మంచు కడుతోంటే, నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే లీకు అనుమానం బలపడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలి కాయిల్‌ని తినేసి లీకులు తొందరగా వస్తాయి.

మెకానిక్ వచ్చాక ముందు వాటర్ సర్వీస్ (నీళ్లతో శుభ్రం చేయడం) చేయించి, ఆ తర్వాతే గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టమనండి. ఇండోర్‌లో ఫిల్టర్, కాయిల్ మురికిగా ఉన్నప్పుడు కూడా ప్రెషర్ తక్కువే చూపిస్తుంది, ఆ అంకె చూపించి గ్యాస్ లేదంటారు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగాన్ని బట్టి ప్రెషర్ మారుతూ ఉంటుంది, కాబట్టి గేజ్ ఒక్కటే సాక్ష్యం కాదు. నిజంగానే తగ్గితే "లీకు ఎక్కడ?" అని అడగండి. నైట్రోజన్ కొట్టి, సబ్బు నీళ్లు రాసి చూపించాలి, లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి, తర్వాత తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములు, ఏ గ్యాస్ అన్నది అవుట్‌డోర్ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. పాతవైతే ఆర్22, తర్వాతవి ఆర్410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్32, కొన్నిటిలో ఆర్290. చివరి రెండిటికీ మంటంటుకునే గుణం ఉంది, ఆర్290కి మరీ ఎక్కువ, కాబట్టి పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వకండి. లీకు వెతక్కుండా కొంచెం గ్యాస్ కొట్టి వెళ్లిపోతానంటే డబ్బులివ్వకండి, నెల తిరక్కుండా మళ్లీ అతనికే ఫోన్ చేయాల్సి వస్తుంది.