కారులో ఉండీ మనం వాడని సదుపాయాలు: ఒక్కొక్కటీ ఎలా చూసుకోవాలి?

కొత్త కారు చేతికిచ్చే రోజున షోరూంలో అన్నీ గడగడా చూపించేస్తారు. అందులో మనకు గుర్తుండేది ఫోన్ కలుపుకోవడం, పాటలు పెట్టుకోవడం, ఏసీ. మిగతావి అవసరం పడ్డప్పుడు రోడ్డు పక్కన నిలబడి టెన్షన్‌తో వెతుక్కుంటాం. వీటిని ఒక ఖాళీ సాయంత్రం, కారు ఆపి ఉంచి చేసి చూడండి. గ్లవ్ బాక్సులో కవరు కూడా విప్పకుండా పడి ఉన్న మాన్యువల్‌ని ఒళ్లో పెట్టుకుంటే ఇంకా మంచిది. మోడల్‌ని బట్టి బటన్ల చోటు మారుతుంది, కొన్ని సదుపాయాలు మీ కారులో లేకపోవచ్చు కూడా.

ముందు రిమోట్ కీ సంగతి

అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది ఇదే. రిమోట్‌లో బ్యాటరీ అయిపోతే తలుపు తెరుచుకోదు, బండి స్టార్ట్ కాదు అని చాలామంది చేతులెత్తేస్తారు. నిజానికి రెండు పనులూ అవుతాయి.

1. రిమోట్ పక్కనో వెనకో చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపి లాగితే లోపల దాగిన మామూలు తాళంచెవి బయటికి వస్తుంది.

2. డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం వెతకండి. పైకి కనిపించకపోతే హ్యాండిల్ చివరనున్న ప్లాస్టిక్ మూత కింద ఉన్నట్టే. చాలా కార్లలో ఆ మూత అడుగున సన్నటి గాడి ఉంటుంది, అందులో తాళంచెవి మొన పెట్టి నెమ్మదిగా లేపితే ఊడివస్తుంది.

3. తలుపు తీయగానే అలారం మోగవచ్చు. కంగారు పడకండి, బండి స్టార్ట్ అయితే ఆగిపోతుంది.

4. బ్రేకు తొక్కి పట్టి, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. రిమోట్ లోపలి చిప్‌కి సొంత బ్యాటరీ అక్కర్లేదు, దగ్గరికి తెస్తే దానికి కావలసిన కాస్త కరెంటును కారే అందిస్తుంది. కొన్ని మోడళ్లలో ఆనించాల్సిన చోటు స్టీరింగ్ పక్కనో, కప్ హోల్డర్ అడుగునో ఉంటుంది. ఈ ఒక్క విషయం మాత్రం మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి.

చాలా రిమోట్లలో ఉండేది సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. 20 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. అందుకే సీఆర్ 2025 చూడ్డానికి అలాగే ఉన్నా పలచగా ఉండి సరిగ్గా ఆనదు. పాతది తీశాక పిల్లలకు అందేలా ఎక్కడా పెట్టకండి. మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఎండలో నిలిపిన కారు, వానలో మసకబారిన అద్దం

ఎండలో ఉన్న కారు దగ్గరికి వస్తూ రిమోట్ మీద అన్‌లాక్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఈ సదుపాయం ఉన్న కార్లలో అద్దాలన్నీ కిందికి దిగుతాయి. లోపలి వేడిగాలి పోయాక ఎక్కి, అద్దాలు మూసి, ఏసీతోపాటు లోపలి గాలే తిరిగే బటన్ వేయండి (కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్నది). ఒకసారి చల్లబడ్డ గాలినే మళ్లీ చల్లబరచాలి కాబట్టి పని తొందరగా అవుతుంది.

అద్దం మసకబారినప్పుడు మాత్రం ఆ బటనే కొంప ముంచుతుంది. మన ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక చల్లటి అద్దం మీద పేరుకుంటుంది. చాలామంది గుడ్డతో తుడుస్తారు, మరుక్షణం మళ్లీ అదే మసక. ఇలా చేయండి:

ముందు లోపలి గాలి బటన్ ఆపి, బయటి గాలి రానివ్వండి. గాలిని ముందు అద్దం వైపు తిప్పే గుర్తు నొక్కండి. ఏసీ ఆన్ చేయండి, ఉష్ణోగ్రత మాత్రం వేడి వైపు పెంచండి. వేడిగాలి కావాలంటూ ఏసీ ఎందుకు అనిపించవచ్చు. ఏసీ గాలిలోని తేమను పీల్చేస్తుంది. నిలిపిన కారు కింద టపటపా కారే నీళ్లు అలా పీల్చిన తేమే. వేడిగాలి అద్దాన్ని వెచ్చబరిస్తే, పొడిగాలి తేమను లాక్కుపోతుంది.

ఉక్కపోత రోజుల్లో దీనికి తిరకాసు ఒకటుంది. ఏసీ చల్లదనం నేరుగా అద్దానికి తగిలితే మసక బయటివైపు పడుతుంది. లోపల ఎంత తుడిచినా పోదు. వేలితో లోపల గీసి చూడండి, గీత పడకపోతే అది బయటిదే. వైపర్ ఒకసారి వేసి, గాలిని అద్దం మీదనుంచి మళ్లిస్తే చాలు.

చిన్న చిన్నవి

పెట్రోలు ముల్లు పక్కనున్న పంపు బొమ్మ దగ్గర చిన్న బాణం ఉందా? ట్యాంకు మూత అటువైపే. ఫోర్డ్ ఇంజినీరు జిమ్ మోయిలన్ 1986లో ఇచ్చిన ఆలోచన ఇది. అద్దె కారు నడిపేవాళ్లకి దీని విలువ బాగా తెలుస్తుంది.

లేన్ మారేటప్పుడు ఇండికేటర్ మీటని పూర్తిగా వేయకుండా కాస్త తట్టి వదిలేస్తే చాలా కార్లలో మూడుసార్లు వెలిగి ఆగిపోతుంది.

స్టీరింగ్ కిందనో పక్కనో 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం హెడ్‌లైట్ల కోణాన్ని మారుస్తుంది. డ్రైవర్ ఒక్కడే ఉంటే 0. వెనక సీట్లు, డిక్కీ నిండితే కారు ముక్కు పైకి లేచి, వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది కాబట్టి అంకె పెంచాలి. దీన్ని తిప్పేవాళ్లు ఎంత తక్కువో రాత్రిపూట రోడ్డెక్కితే తెలుస్తుంది.

కారు బ్యాటరీ మార్చాక తలుపు అద్దం ఒక్క నొక్కుతో పైకి రావడం మానేస్తే మెకానిక్ అక్కర్లేదు. అద్దాన్ని పూర్తిగా మూసి, స్విచ్‌ని పైకే మరికొన్ని సెకన్లు పట్టి ఉంచండి. చాలా కార్లలో దానితో సర్దుకుంటుంది.

టైరు మీద డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం తయారైంది.

ఆపద వేళకి

ఇవి చదివి మనసులో పెట్టుకోవలసినవి, రోడ్డు మీద పరీక్షించి చూసేవి కావు.

యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే ముందు బ్రేకు ఒక్కసారిగా గట్టిగా తొక్కి పట్టండి. తొక్కుతూ వదులుతూ ఉంటే బ్రేకు గట్టిపడిపోతుంది. తర్వాత గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, బండిని పక్కకి తీసి ఆపాకే ఇంజిన్ కట్టేయండి. న్యూట్రల్ పడకపోతే మాత్రం నడుస్తుండగానే ఆపాలి. అప్పుడు స్టార్ట్ బటన్ ఊరికే ఒకసారి నొక్కితే ఆగదు. చాలా కార్లలో రెండు మూడు సెకన్లు నొక్కి పట్టాలి, లేదా వెంటవెంటనే కొన్నిసార్లు నొక్కాలి. ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది, కాబట్టి రెండు చేతులతో పట్టుకోండి.

ఆటోమేటిక్ కారు బ్యాటరీ పడిపోయి గేరు పీ (పార్కింగ్)లోనే ఇరుక్కుంటే కారు తోయడానికీ రాదు. గేరు లివర్ పక్కన చిన్న మూత ఉందేమో చూడండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఆ మూత తీసి, లోపల సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టి, బ్రేకు తొక్కుతూ లివర్‌ని ఎన్ (న్యూట్రల్)లోకి లాగండి. లివర్ బదులు గుండ్రటి నాబ్, బటన్లు ఉన్న కార్లలో పద్ధతి వేరు.

చివరగా డిక్కీలో స్టెప్నీ దగ్గర ఒక కొక్కెం ఉంటుంది, ఎందుకో తెలియక కొందరు తీసి ఇంట్లో పెట్టేస్తారు. బంపర్ మీద చిన్న చతురస్రపు మూత తీసి అక్కడ బిగించి, తాడు కట్టి కారును లాగించుకోవడానికి అది. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది, బలవంతంగా కుడివైపు తిప్పి మర చెడగొట్టకండి. చివరిదాకా బిగిసిందని చూసుకున్నాకే తాడు తగిలించండి.