ఓపిక తక్కువని అనుకునేవారికి: లేసు అల్లికతో ఆరు వారాల సాధన

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పనులు సద్దుమణిగాక అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 19వ శతాబ్దం మధ్యలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కబుర్లు చెప్పుకుంటూ, సూది వైపు చూడకుండానే వాళ్లు అల్లేస్తుంటే "అంత ఓపిక మనవల్ల కాదు" అనేస్తాం. ఆ ఓపిక చేత్తో నేర్చుకున్నదే. రోజూ ఒకే వేళకు కూర్చోవడం, కొంచెమే చేయడం, తప్పు కనబడిన చోటికి విప్పడం, అంతే. చదువులోనో సంగీతంలోనో నిలకడ కుదరడం లేదని బాధపడేవాళ్లు ముందు దీనిమీద చెయ్యి తిప్పుకుంటే మేలు. ఇక్కడ తప్పు కంటికి కనబడుతుంది, విప్పితే దారం ఎక్కడికీ పోదు. మగవాళ్లైనా పదేళ్లు దాటిన పిల్లలైనా చేయవచ్చు.

కావలసినవి తక్కువే. తెల్ల నూలు దారం ఉండ ఒకటి, 10 నంబరుది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, కాబట్టి 40తో మొదలుపెట్టకండి, కళ్లు లాగేస్తాయి. 10 నంబరు దారానికి 1.5 లేదా 1.75 మిల్లీమీటర్ల స్టీలు కొక్కెం సూది (క్రోషే హుక్) సరిపోతుంది. చిన్న కత్తెర, పాత క్యాలెండరు, ఒక ముదురు రంగు గుడ్డ దగ్గర ఉంచుకోండి. గుడ్డ ఒళ్లో పరుచుకుంటే తెల్ల దారంలో కన్నులు, అంటే అల్లికలో సూది దించే సందులు, స్పష్టంగా కనబడతాయి. మన గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరి ఊళ్లలో మరీను. సూది తుప్పు పడితే ఆ మరక దారానికి అంటుకుని వదలదు. పని కాగానే పొడిగుడ్డతో తుడిచి దాచండి. నూనె రాయొద్దు, అదీ దారానికి అంటుతుంది.

వేళ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. రోజుకు 25 నిమిషాలు చాలు. మొదటిరోజు ఉత్సాహంలో రెండు గంటలు కూర్చుంటే మర్నాడు బొటనవేలు లాగుతుంది, మూడోరోజు సూది ఎక్కడ పెట్టామో కూడా గుర్తుండదు. వ్యవసాయం ఉన్న ఇళ్లలో నాట్లు, కోతల రోజుల్లో మొదలుపెట్టకండి. దాళ్వా (రబీ వరి) కోతలయ్యి, కాలువలకు నీళ్లు ఆపేశాక కాస్త తీరిక దొరుకుతుంది. ఎండాకాలం గనక పొద్దున్నే కూర్చోండి. మధ్యాహ్నం చేతి చెమటకు దారం నలుపెక్కుతుంది, సూది జారదు.

మొదటి వారమంతా గొలుసు ఒక్కటే. జారుముడి వేసి సూదికి తగిలించి, దారాన్ని కొక్కేనికి చుట్టి ఉచ్చులోంచి లాగితే ఒక గొలుసు. రోజుకు 100 వేయండి, చూసుకోండి, విప్పేయండి. విప్పడానికి మనసొప్పదు, అయినా విప్పండి. ఈ వారం సాధన అందులోనే ఉంది. గొలుసు బాగుందో లేదో తెలియాలంటే సూదిని అక్కడక్కడా కన్నుల్లో దించి చూడండి, బలవంతం చేయకుండా దిగాలి. బిగుసుకుపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఉచ్చును కొక్కెం పక్కనున్న సన్నటి మెడ దగ్గర వదిలేస్తున్నారు. దాన్ని కాస్త వెనక్కి, సూది పూర్తి లావున్న చోటికి జరిపి లాగండి. ఎడమ చూపుడువేలి మీద దారం జారుతూ ఉండాలి, వేలు ఎరుపెక్కేలా చుట్టుకోవద్దు.

రెండో వారం పొట్టి కుట్టు. 21 గొలుసులు వేసి, సూది వైపు నుంచి రెండో కన్నులో దించి దారం లాగండి. సూది మీద రెండు ఉచ్చులుంటాయి, మళ్లీ దారం చుట్టి రెండిటినీ కలిపి విడిపించండి. వరస చివరికి 20 కుట్లు రావాలి. ఒక గొలుసు వేసి, తిప్పి, తర్వాతి వరస. ప్రతి వరసా లెక్కపెట్టండి. నాలుగైదు వరసలకే ముక్క సన్నబడిపోతుంటే చివరి కుట్టు వదిలేస్తున్నారన్నమాట, అది పక్కకు ఒదిగి కనబడదు. వెడల్పవుతుంటే, తిప్పేటప్పుడు వేసిన గొలుసులో కూడా కుట్టు పడుతోంది. 19 వచ్చిందని తర్వాతి వరసలో ఒకటి ఎక్కువేసి సర్దేయకండి. ఆ వంకర అక్కడే ఉండిపోతుంది. పైగా సర్దేసే అలవాటు చేతికి పట్టిందంటే ఏ పనిలోనైనా అదే చేస్తాం.

మూడో వారంలోనే చాలామంది మానేస్తారు. ఇప్పుడు పొడుగు కుట్టు. 22 గొలుసులు వేయండి. దారాన్ని సూదికి ఒకసారి చుట్టి నాలుగో కన్నులో దించి లాగితే సూది మీద మూడు ఉచ్చులు. దారం చుట్టి రెండిటిని విడిపిస్తే సూది మీద మళ్లీ రెండు ఉంటాయి, ఇంకోసారి చుట్టి ఆ రెండిటినీ విడిపించాలి. మొదట వదిలిన మూడు గొలుసులే ఒక కుట్టు లెక్క, దాంతో 20. అప్పటిదాకా ఒకట్రెండు కదలికలు చేసిన చేతికి ఇప్పుడు వరసగా మూడు గుర్తుండాలి. అందుకే వేగం పడిపోతుంది, పోయిన వారం వచ్చింది కూడా మరిచిపోయినట్టుంటుంది. చేతికి కొత్త పని పడ్డప్పుడు అందరికీ ఇంతే. ఈ వారం వరసలు తగ్గించండి, రోజుకు మూడు చాలు. వేళ మాత్రం తగ్గించకండి. పక్కింటి అక్క ఈపాటికి ఎంత అల్లేదో లెక్కలేయకండి, ఆవిడ చేతిలో ఏళ్ల పని ఉంది.

క్యాలెండరులో రోజుగడిలో రెండంకెలు రాయండి: ఎన్ని వరసలు, ఎన్నిసార్లు విప్పారు. వరసలు పెరగకపోయినా రెండో అంకె తగ్గుతోందంటే పని కుదురుతున్నట్టే.

నాలుగు, ఐదు వారాలు చక్రం. ఆరు గొలుసులు వేసి మొదటిదానితో కలిపి ఉంగరంలా చేయండి. మూడు గొలుసులు, ఉంగరంలోకి 11 పొడుగు కుట్లు, మొత్తం 12. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, 24. మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, తర్వాతదాంట్లో రెండు, 36. నాలుగో చుట్టులో ప్రతి మూడో కుట్టులో రెండు, 48. చుట్టు పూర్తయిన ప్రతిసారీ బల్లమీద పరిచి చూడండి. గిన్నెలా పైకి లేస్తే కుట్లు తక్కువైనట్టు, లేదా చెయ్యి బిగుసుకుంటున్నట్టు. అంచు కుచ్చిళ్లలా ముడతలు పడితే కుట్లు ఎక్కువైనట్టు. మొదటి చుట్టు ముగిసిన చోట రంగుదారం ముక్క గుచ్చి ఉంచుకుంటే లెక్క తప్పదు.

మధ్యలో ఆగిపోవడం తప్పదు. పెళ్లిళ్లుంటాయి, జ్వరాలుంటాయి, సంక్రాంతి నాలుగు రోజులూ ఎవరూ సూది పట్టరు. పోయిన రోజుల పని కలిపి ఒక్కరోజే చేయబోకండి, ఆ బరువుకే మొత్తం మూలపడుతుంది. తిరిగి కూర్చున్న రోజు 50 గొలుసులు వేసి విప్పి, ఆపిన చోట అందుకోండి. బొటనవేలు లేదా మణికట్టు నొప్పి పెడితే మాత్రం ఒకట్రెండు రోజులు పూర్తిగా మానేయండి.

ఆరో వారం ఒకే కొలతతో ఆరు చక్రాలు అల్లండి. చల్లటి సబ్బునీళ్లలో ఉతికి, పల్చటి గంజి పెట్టి, థర్మాకోల్ ముక్క మీద గుండుసూదులతో గుండ్రంగా బిగించి నీడన ఆరనివ్వండి. ఆరాక ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. అంచులు కలవకపోతే, అమ్మకానికి అల్లాలనుకున్నా, ఇంకా ఆర్డర్లు ఒప్పుకోవద్దు. టేబుల్ క్లాతుకు ఇలాంటి ముక్కలే కలుపుతారు, కొలత తేడా ఉన్నవి వెనక్కి వస్తాయి. కలిస్తే 20 నంబరు దారం, 1.25 సూది కొనుక్కోండి. మొదటి రెండు రోజులూ మళ్లీ గొలుసే.