దీపంతలు కొనగానే నూనె పోయకండి

దీపావళికి కొత్త మట్టి ప్రమిదలు (మా నల్లగొండ వైపు దీపంతలు అంటాం) కొన్నారా? లక్ష్మీపూజకు ముందు రోజు రాత్రే వాటిని బకెట్ నీళ్లలో వేసి పెట్టండి. ముంచగానే బుడబుడమని బుడగలు వస్తాయి. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి గాలి పోయి నీళ్లు చేరుతున్నాయన్నమాట. అలా నానకపోతే ఆ రంధ్రాలన్నీ మీ నువ్వుల నూనెను తాగేస్తాయి. పోయినేడు గడియారం సెంటర్ దగ్గర రెండు డజన్లు కొని, తీరిక లేక అలాగే వెలిగించాను. అరగంటకే సగం దీపాలు కొండెక్కాయి, గడప ముందు వేసిన ముగ్గంతా జిడ్డు. మా అత్తమ్మ ఏమీ అనలేదు గానీ ఆ చూపు చాలు!

పొద్దున్నే తీసి, గుడ్డతో తుడిచి, నీడలో బోర్లించండి. పైతడి పూర్తిగా ఆరాలి, లేకపోతే వత్తి తడిసి చిటపటలాడుతుంది. పసుపు, కుంకుమ బొట్లు ఆరాకే పెట్టండి, తడి మీద పెడితే కారిపోతాయి. నానేటప్పుడే పగుళ్లున్నవి కూడా బయటపడతాయి, వాటిని పక్కన పెట్టేయండి.

వత్తి ముందు నూనెలో బాగా నానాలి, కొస మాత్రమే బయటికి ఉండాలి. పొడుగ్గా వదిలితే పొగ, మసి.

నిరుటి పాతవైతే వేడినీళ్లలో కాస్త సర్ఫ్ వేసి ఒక గంట ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. రంగులేసిన వాటిని మాత్రం నానబెట్టకండి, రంగు వెలుస్తుంది.