తాబేలు ఒక్క తిండికే అలవాటు పడిందా? ఎక్కడ చూసుకోవాలి, ఎలా మార్చాలి

కీరదోస ముక్కలన్నీ ఏరుకుని తినేసి, ఆకుల్ని ముందుకాలితో పక్కకు తోసేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు మెడ చాచి మన వైపు చూస్తుంది. అలాంటి తాబేలుతో వేగడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా చిట్టి గ్రీక్ టార్టాయిస్ అనే జాతి నేల తాబేలు. నా దగ్గరికి వచ్చేసరికే ఆరేళ్లది. దానికి తెలిసిన తిండి రెండే రెండు: లెట్యూస్, కీరదోస. ఆ అలవాటు మానిపించడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. అందులో మొదటి మూడు వారాలు వృథా అయ్యాయి. సమస్య తిండిలో ఉందనుకున్నాను కానీ, అసలు లోపం లైటు దగ్గర ఉంది. అందుకే ఇక్కడ కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఇష్టమైనది పెట్టినా ముట్టడం లేదు

ఇది మారాం కాదు. మారాం చేసే తాబేలు కొత్తదాన్ని వదిలేస్తుంది, ఇష్టమైనదాన్ని మాత్రం వదలదు. రెండూ వదిలేస్తోందంటే ముందు చలి సంగతి చూడండి. తాబేలు తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు. ఒళ్లు వెచ్చబడకపోతే ఆకలి పుట్టదు, తిన్నదీ అరగదు. ఎక్కువ జాతులకు లైటు కింద వెచ్చగా పడుకునే చోట 35 డిగ్రీల సెల్సియస్ వరకూ ఉండాలి. అవతలి వైపు చల్లగా, 25 దరిదాపుల్లో ఉంటే చాలు. థర్మామీటర్‌ను గోడకు తగిలించి కొలిస్తే లాభం లేదు. తాబేలు డిప్ప ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడే పెట్టి కొలవాలి. నేను గోడ మీద కొలిచి అంతా బాగుందనుకున్నాను. చిట్టి పడుకునే రాయి మీద చూస్తే 27 మాత్రమే ఉంది.

రెండోది యూవీబీ లైటు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే బల్బు. బల్బు వెలుగుతూనే ఉంటుంది, దాంట్లోంచి వచ్చే యూవీబీ మాత్రం నెలలు గడిచేకొద్దీ పడిపోతుంది. మన కంటికి ఆ తేడా కనపడదు. బల్బు రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చేయాలి. కిటికీ పక్కన పెట్టాం, ఎండ తగులుతోంది కదా అని ఊరుకోవద్దు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అది అందకపోతే డి3 విటమిన్ తయారు కాదు. డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు. ఒళ్లు నీరసపడితే తిండి మీద ధ్యాస కూడా పోతుంది.

మూడోది నీళ్లు. గోరువెచ్చని నీళ్లు గడ్డం దాకా వచ్చేలా పోసి, పదిహేను ఇరవై నిమిషాలు అందులో కూర్చోబెట్టండి. పిల్లలకైతే రోజూ, పెద్దవాటికి వారంలో రెండు మూడుసార్లు. చాలా తాబేళ్లు నీళ్లలోంచి తీశాక కాసేపు వెచ్చగా పడుకుని, ఆ తర్వాత తిండి వైపు నడుస్తాయి.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే ముక్కు, నోరు, కళ్లు చూడండి. ముక్కులోంచి బుడగలు రావడం, నోటి లోపల పసుపు తెలుపు పూత, కళ్లు వాయడం, పైముక్కు (నోటి గట్టి పై అంచు) మరీ పెరిగి కిందికి వంగిపోవడం, వీటిలో ఏది కనిపించినా సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆడ తాబేలు తిండి మానేసి, కుదురు లేకుండా తిరుగుతూ మట్టి తవ్వుతుంటే కడుపులో గుడ్లు ఉండొచ్చు. పగటి వేళలు తగ్గే శరదృతువులో మధ్యధరా ప్రాంతపు జాతులు సహజంగానే నెమ్మదిస్తాయి. ఆ సమయంలో తిండి మార్చే ప్రయత్నం పెట్టుకోవద్దు.

తింటోంది, కానీ ఒక్కటే తింటోంది

చాలామంది ఇళ్లలో ఉండే అసలు సమస్య ఇదే. ఈ అలవాటు చేసింది మనమే. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో 95 శాతం దాకా నీళ్లే. అది మెత్తగా ఉంటుంది, చప్పున తెగుతుంది, చేదు ఉండదు. ఏళ్ల తరబడి రోజూ అదే కనపడితే తాబేలుకు తిండి అంటే అదే. కొత్త ఆకు దాని కళ్లకు తిండిలా కనపడదు. అంతేకానీ అది మన మీద పంతం పట్టలేదు.

"ఆకలేస్తే అదే తింటుందిలే" అని ఒక్కసారిగా మాన్పించే పద్ధతి నాకు నచ్చదు. ఆరోగ్యంగా, సరైన బరువుతో ఉన్న పెద్ద తాబేలు కొన్ని రోజులు తక్కువ తిన్నా ప్రమాదం ఉండదు, నిజమే. కానీ పిల్లల విషయంలో, జబ్బు నుంచి కోలుకుంటున్నవాటి విషయంలో ఆ పని అస్సలు చేయకూడదు. మెల్లగా మార్చడమే మంచిది.

నేను చేసింది ఇది. లెట్యూస్‌నూ కీరదోసనూ ఎప్పటంతే తీసుకుని, అందులో పదో వంతు కొత్త ఆకు కలిపాను. మొదట డాండిలైన్, పసుపు పూలు పూసే ఓ చిన్న మొక్క ఆకు. రెండింటినీ కత్తితో ఎంత సన్నగా తరిగానంటే, ఏది ఏదో నాకే తెలియలేదు. పైన నీళ్లు చిలకరించి చేత్తో బాగా కలిపాను. తడి వల్ల చిన్న ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఏరుకోవడానికి వీలుండదు. మొదటిరోజు చిట్టి ముక్కు ఆనించి వాసన చూసింది, నోట్లో పెట్టుకుంది, ఆగింది, కొంత బయటికి వదిలింది. మూడో రోజుకు అలా వదలడం మానేసింది. అయిదారు రోజులకోసారి కొత్త ఆకు వంతు ఇంకాస్త పెంచుతూ పోయాను. వెనక్కి తగ్గితే ముందటి పాళ్లకు వెళ్లి, అక్కడే ఓ వారం ఆగాను.

వేళ కూడా ముఖ్యమే. లైటు వేసిన గంటకు, ఒళ్లు వెచ్చబడ్డాక పెట్టండి. అప్పుడే దానికి ఆకలి ఎక్కువ. కొత్త మిశ్రమం ముందు పెట్టాలి. ఇష్టమైనది ఇవ్వాల్సివస్తే సాయంత్రం, కొంచెమే.

వారానికోసారి కిచెన్ స్కేల్ మీద తూచి రాసి పెట్టుకోండి. నీళ్లలో కూర్చోబెట్టక ముందే తూచాలి, లేకపోతే తాగిన నీళ్లతోనో, పోసిన మూత్రంతోనో లెక్క తప్పుతుంది. కిలో ఉన్న తాబేలు వంద గ్రాములు తగ్గిందంటే మార్పు ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

ఎంత సన్నగా తరిగినా ఏరేస్తోంది

ముక్కలు ఇంకా పెద్దవిగా ఉన్నాయన్నమాట. కీరదోసను ముక్కలు చేయకుండా తురమండి. ఆ తురుము, దాని రసం ఆకులకు పట్టేలా కలిపితే అన్నింటికీ ఒకే వాసన వస్తుంది. తాబేలు ముందు వాసన చూశాకే కొరుకుతుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది.

రంగు ఇంకో దారి. తాబేళ్లకు రంగులు బాగా తెలుస్తాయి. ఎరుపు, పసుపు కనిపిస్తే అటు నడుస్తాయి. మందు కొట్టని మందారం రేకులు, గులాబీ రేకులు ఆకుల పైన చల్లండి. చిట్టి తనంతట తానుగా కొరికిన మొదటి కొత్త తిండి ఎర్ర మందారమే. మెడ పూర్తిగా చాచి, ఒక రేకను చివర పట్టుకుని లాగి, కళ్లు సగం మూసి నమిలింది. ఆ పూటే రేకకు అంటుకున్న డాండిలైన్ ఆకు కూడా లోపలికి పోయింది.

పండ్లు తప్ప వేరేవి వద్దంటోంది

తీపి మరిగింది. ఆకు, గడ్డి తినే తాబేళ్ల పేగు చివర్లో ఉండే సూక్ష్మజీవులే పీచును పులియబెట్టి అరిగిస్తాయి. చక్కెర ఎక్కువైతే ఆ అమరిక చెడుతుంది, విరేచనం పలచబడుతుంది. ఈ జాతులకు పండు పూర్తిగా ఆపేయొచ్చు, నష్టం లేదు. రెడ్‌ఫుట్ లాంటి అడవి జాతుల సంగతి వేరు. పండ్లు, పుట్టగొడుగులు వాటి సహజమైన తిండిలో భాగమే. వాటిక్కూడా ఆకులతో కలిపే పెట్టాలి.

ఎండుగడ్డి ముట్టదు

సల్కాటా, లెపర్డ్ జాతుల్లో ఇది పట్టించుకోవాల్సిన విషయం. వాటి తిండిలో ఎక్కువ భాగం గడ్డే కావాలి. పొడుగు పరకలు ముందుంచితే పిల్ల తాబేలు కొరకలేదు. కత్తెరతో అర సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక ఆకుల్లో కలపండి. గడ్డితో చేసిన పెల్లెట్లను నానబెట్టి చిదిమి ఆకులకు పట్టించినా మెల్లగా ఆ రుచికి అలవాటు పడుతుంది.

చేత్తో పెడితేనే తింటుంది

చెయ్యి రోజుకో రెండు అంగుళాలు కిందికి దించుతూ, చివరికి తిండిని పలకరాయి మీద వదిలేయండి. గిన్నె కంటే పలకరాయి మేలు. కొరికేటప్పుడు రాతికి తగిలి నోటి గట్టి అంచు మరీ పెరగకుండా అరుగుతుంది.

ఏమేం కలపాలి

మందార ఆకులు, మల్బరీ ఆకులు, ద్రాక్ష ఆకులు, డాండిలైన్, ముళ్లు తీసేసిన నాగజెముడు. నాగజెముడులో కాల్షియం బాగా ఉంటుంది. మొత్తం మీద భాస్వరం కంటే కాల్షియం కనీసం రెట్టింపు ఉండాలి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసుకుంటాయి. క్యాబేజీ ఎక్కువైతే థైరాయిడ్‌కు అడ్డొస్తుంది. రెండూ ఎప్పుడైనా కొంచెం తప్ప రోజువారీ తిండి కాకూడదు. గన్నేరు విషం, దరిదాపుల్లో కూడా ఉంచొద్దు. అవకాడో, ఉల్లిపాయ, టమాటా ఆకులు కూడా వద్దు. కుక్కల తిండి, బ్రెడ్డు, పాలు పెట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి.

మార్చే రోజుల్లో విరేచనం కాస్త పలచబడితే కంగారుపడక్కర్లేదు, వేగం తగ్గించండి. వారం దాటినా అలాగే ఉంటే మలం పరీక్ష చేయించాలి. పురుగులు ఉండొచ్చు.

ఇప్పుడు చిట్టి ఎనిమిది రకాల ఆకులు తింటుంది. కీరదోస మాత్రం ఇంట్లో ఇంకా ఉంచుతాను. ఎప్పుడైనా మందు ఇవ్వాల్సివస్తే, ఆ తురుములో కలిపి పెడితేనే అది వదలకుండా తింటుంది.